చేతులు రుద్దుకుని లెక్కపెట్టే మనిషి

కాంపౌండర్ సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా అరచెయ్యి తొమ్మిది రోజుల దూడ పక్కటెముకల మీద ఉంది. దాని ఊపిరి లెక్కపెడుతున్నాను. అర నిమిషానికే ముప్పై ఏడు దాటింది. ఫోన్ తీసి చెవికి ఆనించుకుంటే అటు నుంచి టీచరమ్మ గొంతు. టీచరమ్మ అంటే సార్ భార్య, మా ఊళ్ళో సగం మంది చేత అక్షరాలు దిద్దించిన మనిషి.

"పాపా, సారు పోయినాడమ్మా. పొద్దున ఆరున్నరకు. నంద్యాల ఆసుపత్రిలోనే. మధ్యాన్నానికి ఇంటికి తెస్తాండారు. నాలుగ్గంటలకు మట్టి."

నేనేం బదులు చెప్పానో గుర్తు లేదు. లెక్క తప్పిపోయిందని మాత్రం గుర్తుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, భయం. ఈ దూడ సంగతి ఇప్పుడు ఎవరిని అడగాలి? పన్నెండేళ్ళుగా ఏ దూడ దగ్గినా, ఏ ఆవు మేత మానేసినా నేను ఫోన్ చేసింది ఆ ఒక్క మనిషికే. ఆ మనిషి పోయిన కబురు వింటూ కూడా, ఆయనకే ఫోన్ చేద్దామని నా వేలు తెర మీద ఆయన నంబరు వెతికింది.

మాది ఆళ్ళగడ్డలో పశువుల దాణా అంగడి. తాత నాటి నుంచి తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క అమ్ముతున్నాం. అమ్మడమే తప్ప మా ఇంట్లో ఎవరూ పశువును తాకి ఎరగరు. మా ఆయన పోయాక నేను పుట్టింటికి తిరిగి వచ్చి, పొద్దుపోక ఒక ఆవును కొంటానంటే మా అన్న నవ్వాడు. "అమ్మేది మనమే, కొని తినబెట్టేది మనమేనా? ఇదేం బేరం మేయ్?" అన్నాడు. అయినా అంగడి వెనక కొట్టం వేయించింది ఆయనే. గోడలకు బేతంచెర్ల నాపబండలు నిలువుగా పాతించాడు. అవి రొమ్ము ఎత్తు ఉంటాయి. వాటి మీదుగా చూస్తే రోడ్డు కనిపిస్తుంది.

సార్ రుద్రవరంలో, ఆత్మకూరులో, చివరికి మా ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. డాక్టరు కారు. ఆ మాట ఎదుటివాళ్ళు అనేలోపే ఆయనే అనేవారు. "నేను సూదులు కడిగినోన్ని. మందు రాసేది డాక్టరు. నాకు తెలిసింది ఒకటే, దాని కాడ కూసోని సూడ్డం." రిటైరయ్యాక రోజూ పొద్దున మా అంగడికి వచ్చి, పత్తిగింజల చెక్క బస్తా మీద కూర్చుని, మా పేపరును మాకంటే ముందు మడతలు విప్పి చదివేవారు. చేతి గడియారానికి పట్టీ తెగిపోతే కొత్తది వేయించుకోలేదు. దాన్ని పురికొసతో చొక్కా గుండీకి కట్టి జేబులో వేసుకునేవారు. "పట్టీ ఎందుకు పాపా? నేనేమన్నా టైము సూసుకునేదానికి పెట్టుకున్నానా?" అనేవారు. ఆయనకు గడియారం అంటే సెకన్ల ముల్లే. తక్కిన రెండు ముళ్ళతో పని లేదు.

నాకు యాభై రెండేళ్ళు వచ్చినా ఆయనకు పాపనే. గౌను వేసుకుని అంగడి మెట్ల మీద కూర్చున్న రోజుల నుంచి చూశారు కదా.

నాది మొదటి నుంచీ పిరికి గుండె. పాలు పొంగితే భయం, పొంగకపోతే విరిగాయని భయం. అలాంటిదానికి మొదటి ఆవు ఈనింది. కోడెదూడ. అంతకు ముందే సార్ అంగడి ముందు ఆగిన బండి ఎద్దు డొక్క మీద చెయ్యి వేసి, ఊపిరి ఎలా లెక్కపెట్టాలో నాకు చూపించారు. నిమిషానికి ఇరవై వచ్చింది. "బాగుంది," అన్నారు. నేను ఆ ఇరవైని మనసులో రాసుకున్నాను. దూడ పుట్టిన పన్నెండో రోజున, తెలిసిన విద్య కదా అని దాని పక్కన కూర్చుని లెక్కపెడితే నలభై వచ్చింది. రెండింతలు! సార్ ఆ వారం ఆత్మకూరులో బంధువుల ఇంట్లో ఉన్నారు. ఫోన్ కలవలేదు. అంగడికి వచ్చిన ఒక రైతు, పాపం మంచికే, "ఎద్దులకు మేము నూనె, వాము కషాయం పోస్తాం. రొప్పు తగ్గుతాది," అన్నాడు. వెదురు గొట్టం కూడా ఆయనే ఇచ్చాడు. మా అన్న దూడ తల పైకెత్తి పట్టుకున్నాడు. నేను గొట్టం నోట్లో పెట్టి పోశాను. ఎద్దుకు పోసినట్టే పోశాను.

దూడ ఉక్కిరిబిక్కిరై దగ్గింది. మర్నాటికి నిజంగానే రొప్పడం మొదలుపెట్టింది. మూడో రోజు చనిపోయింది.

సార్ వచ్చేసరికి దాన్ని పూడ్చిపెట్టేశాం. నేను కొట్టం మూలన కూర్చుని ఉన్నాను. ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. తర్వాత అడిగారు.

"పోయకముందు ఎంత లెక్క వచ్చింది పాపా?"

"నలభై సార్."

"తల్లి కాడ పాలు తాగినాదా?"

"తాగింది. గెంతింది కూడా."

ఆయన కళ్ళు దించుకున్నారు. "పన్నెండు రోజుల దూడకు నలభై అంటే బాగుందనే పాపా లెక్క. దూడంటే చిన్న ఎద్దు కాదు."

అంతే. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఏ జబ్బూ లేని దూడ ఊపిరితిత్తుల్లోకి నా చేత్తో నేనే నూనె పోశాను. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం నా దూడనే మింగింది.

ఏడాది తర్వాత ఆవు మళ్ళీ ఈనింది. ఎర్రటి పెయ్యదూడ. నేను దాని దగ్గరికి పోవడానికే భయపడ్డాను. పుట్టిన రెండో రోజు సార్ వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయారు. ముందు తన రెండు అరచేతులూ కలిపి గట్టిగా రుద్దుకున్నారు, చలికాలం పొద్దున మంట కాచుకునేవాళ్ళు రుద్దుకున్నట్టు. నన్నూ రుద్దుకోమన్నారు.

"చల్లని చెయ్యి పెడితే దూడ ఉలిక్కిపడి ఊపిరి బిగబడతాది. తర్వాత ఎగశ్వాస తీస్తాది. అప్పుడు నువ్వు లెక్కపెట్టేది దాని ఊపిరి కాదు, నీ చెయ్యిని."

చెయ్యి పెట్టించారు. చర్మం కింద పక్కటెముకలు మెత్తగా తగిలాయి. కొంచెం అదిమితే వంగేటట్టున్నాయి. "ఇవి ఇంగా ముదరలేదు పాపా. పచ్చి తడిక మాదిరి ఉంటాయి. పెద్దావు ఊపిరి తీస్తే పక్కలు బయటికి వస్తాయి, లోపల చోటు పెరుగుతాది. ఇది గట్టిగా పీలిస్తే ఈ మెత్తని పక్కలే లోపలికి గుంజుకుంటాయి. గాలికి చోటు యాడుంటాది? అందుకే చిన్న చిన్న గుక్కలు, ఎక్కువ గుక్కలు. దానికి అదే సుకం. ఊపిరి గొట్టాలు కూడా సన్నం. పెద్దావుకు రవ్వంత గల్ల, అదే కఫం, అడ్డం పడితే దగ్గి తోసేస్తాది. దీనికి అదే గల్ల దోవ మూసేస్తాది."

టీచరమ్మ సంచిలోంచి తెచ్చిన సుద్దముక్క ఆయన జేబులో ఉండేది. కొట్టంలో వాన పడని మూల ఉన్న నాపబండ మీద ఊపిరికొక గీత చొప్పున గీశారు. నలభై ఆరు గీతలు, వరుసగా. "ప్రతి అమాస్యకూ వస్తా. దాని కిందనే ఇంకో వరస గీస్తాం. ఏమయితాదో నువ్వే సూడు."

వచ్చారు. ఒక్క అమావాస్య తప్పలేదు. నాకు జ్వరమొచ్చినా, వాళ్ళ చర్చిలో పండగున్నా, చేతులు రుద్దుకుంటూ కొట్టంలోకి వచ్చేవారు. రెండో వరుస మొదటిదానికంటే పొట్టిగా వచ్చింది. మూడోది ఇంకా పొట్టి. పక్కటెముకలు నా అరచేతి కింద నెల నెలా గట్టిపడుతున్నాయి. ఒక్కో గుక్క పొడవు పెరుగుతోంది, గుక్కల లెక్క తగ్గుతోంది. ఎండాకాలం ఒక వరుస మళ్ళీ పొడవుగా వచ్చేసరికి నాకు ప్రాణం పోయినంత పనైంది. సార్ తల పైకెత్తి రేకుల వైపు చూపించారు. "ఎండకు రొప్పుతాంది. గీత గీసేముందు పైన ఏం కాస్తాందో సూడాల," అని తడిపిన గోనెసంచులు రేకుల మీద పరవమన్నారు.

దూడ గడ్డికి పడ్డాక ఇంకో భయం పట్టుకుంది నాకు. మేత మేసి పడుకున్నాక ఎడమ పక్క పొట్ట ఉబ్బి, ఊపిరి పైపైనే ఆడేది. సార్‌ను పిలిపించాను. ఆయన పకపకా నవ్వారు. "ఊపిరికీ పొట్టకూ నడుమ ఒక పొర ఉంటాది. పొట్ట నిండితే ఆ పొరను ముందుకు తోస్తాది. అందుకే మేతకు ముందు లెక్కపెట్టాలనేది. ఆవుకు దేవుడు పొట్టకిచ్చినంత చోటు ఊపిరికి ఇయ్యలేదులే. మీ ఇంటి మాదిరే. గోడౌను అంత పెద్దది, మనిషి కూసునే గది ఇంత."

మా అన్న అంగడిలోంచి విని, "సారూ, ఇంగ ఆ బస్తా మీద కూసోవద్దు, గోడౌన్లోకి పో," అన్నాడు. ఆ పూట అందరం నవ్వాం.

ఆయనతో నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది. "బాగవుతుంది" అనే మాట ఆయన నోట రాదు. నేను గిలగిల్లాడిపోతుంటే, "రేపు పొద్దున మళ్ళా లెక్కపెట్టి చెప్తా," అని లేచేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"బాగయితాదని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోతుంది సార్?"

"ఆ మాట నాకెవురు చెప్పినారు పాపా, నీకు చెప్పేదానికి?"

అప్పుడది రాతిగుండె మాట అనిపించింది. తర్వాత తర్వాత అర్థమైంది. ఆయనకూ నా అంత భయం ఉంది. గడియారం పురికొస వేలికి చుట్టుకుని విప్పుతూ ఉండేవారు, ఆ వేలిని చూస్తే తెలిసేది. ఆ భయాన్ని ఆయన నోటి దాకా రానిచ్చేవారు కాదు.

ఎర్ర పెయ్య ఆవైంది. ఆ బండ మీద వరుసలు మెట్లు మెట్లుగా తగ్గుతూ ఇరవై రెండు దగ్గర ఆగాయి. ఆ బండను నేను ఎవరినీ కడగనివ్వను.

పోవడానికి మూడు వారాల ముందు సార్‌ను నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులే. నేను బస్సెక్కి పోయాను. ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి, తలగడలు ఎత్తుగా వేసి కూర్చోబెట్టారు. టీచరమ్మ మందులకు కిందికి వెళ్ళింది. నేను మంచం పక్కన కూర్చుని ఆయన పక్కల వైపు చూస్తున్నాను. పక్కటెముకల సందులు ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి గుంజుకుపోతున్నాయి. అలవాటు పాడుగాను, లెక్కపెట్టాను. ముప్పై ఆరు.

నా పెదవులు కదలడం చూసినట్టున్నారు. మాస్కు కొంచెం పక్కకు జరిపి అడిగారు.

"ఎంత?"

"ఇరవై సార్," అన్నాను.

ఆయన నన్నే చూశారు. కళ్ళలో నవ్వు వచ్చింది. మాట మాటకూ మధ్య ఆగి ఆగి చెప్పారు. "ముసలి ఎద్దుకు దూడ లెక్క వచ్చినాది. నాకు తెలీదా పాపా?" మాస్కు పెట్టుకుని, కాసేపు పీల్చుకుని, మళ్ళీ తీశారు. "నాకు చెప్పినావు, పోనీలే. దూడ కాడ మాత్రం ఇట్ల చెప్పొద్దు. భయమేస్తే భయపడు. లెక్క మాత్రం సరిగ్గా చెప్పు."

నేను లేవబోతుంటే అడిగారు. "ఎర్రావు ఎప్పుడు ఈనేది?"

"పది పన్నెండు రోజులు పడుతుందేమో సార్."

"తొలి వరస నువ్వే గీయి. నేను రాలేను." ఒక చెయ్యి ఎత్తి ఇంకో చేతితో రుద్దినట్టు చూపించారు. సూది గుచ్చి ఉన్న చెయ్యి అది. సరిగా రుద్దలేకపోయారు.

ఎర్రావు ఈనింది. తొలి వరుస నేనే గీశాను, నలభై ఎనిమిది. ఎనిమిదో రోజు సాయంత్రం దూడ రెండుసార్లు దగ్గింది. తొమ్మిదో రోజు పొద్దున పాలు వద్దంది. అప్పుడే నేను చెయ్యి పెట్టి లెక్కపెడుతుంటే ఆ ఫోన్ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

మా ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన రుద్రవరం వైపు పల్లెల్లో టీకాలు వేస్తున్నాడు. "ఎంతుందమ్మా ఊపిరి?" అని అడిగాడు.

అర నిమిషానికి ముప్పై ఏడు కదా, డెబ్భై నాలుగు అని నోటి దాకా వచ్చింది. అంత చెబితే పరుగున వస్తాడు. ఇంకో ఆలోచనా వచ్చింది, దాచుకోను. యాభై అని చెబితే రేపు చూద్దామంటాడు, నేను నాలుగింటికి సార్ దగ్గర ఉండొచ్చు. రెండూ నా అవసరాలే, రెండూ దూడవి కావు. అప్పుడు చూసుకున్నాను నా చేతులు. పాలచెంబు కడిగిన చేతులు, భయానికి ఇంకా చల్లబడిపోయాయి. ఆ చేతులతోనే లెక్కపెట్టాను.

"ఒక్క నిమిషం సార్, మళ్ళీ చేస్తాను," అని ఫోన్ పెట్టేశాను. చేతులు రుద్దుకున్నాను. వెచ్చబడేదాకా రుద్దుకున్నాను. కొట్టం గుంజకు తగిలించిన గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి నిండు నిమిషం లెక్కపెట్టాను. అరవై రెండు. ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. పక్కలు లోపలికి గుంజుకుంటున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పక్కలు గుంజుకుంటున్నాయంటే తేలిగ్గా తీసుకోవద్దమ్మా. ఈ పల్లె ముగించి సాయంత్రానికి వస్తా. దాన్ని కదిలించొద్దు. రొమ్ము నేలకు ఆనేటట్టు కూర్చోబెట్టి పక్కకు పడకుండా ఆనిపెట్టు. నోట్లో ఏమీ పొయ్యొద్దు. అర గంటకోసారి లెక్క చూడు. పెరిగితే ఫోన్ చెయ్యి."

మా అన్న స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. దూడను చూసి నిలబడిపోయాడు. "అంత సేపు ఊరికే పెట్టుకోని కూసుంటావా మేయ్? గొట్టంతో రవ్వంత కషాయమన్నా పోద్దాం పట్టు," అన్నాడు. పన్నెండేళ్ళ కిందట దూడ తల ఎత్తి పట్టుకున్న చేతులే అవి. ఆయనదీ నాదీ ఒకటే భయం, ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరాడని భయం.

"వద్దన్నా. ఏమీ పొయ్యను."

"మరి సారును సూడ్డానికి రావా?"

"నువ్వు పో. నేను దీని కాడ ఉంటా."

ఆయన దూడ వైపు ఇంకోసారి చూసి, వెళ్ళిపోయాడు.

ఊరికే కూర్చోవడం అంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. దూడను నా మోకాలికి ఆనించుకుని కూర్చున్నాను. పదకొండుకు అరవై రెండు. పదకొండున్నరకు అరవై నాలుగు. ఫోన్ చేశాను, డాక్టరు దారిలో సందు చూసుకుని వస్తానన్నాడు. ఒంటిగంటకూ అదే అరవై నాలుగు. ఇది బతకదేమో అనుకుంటూనే ఉన్నాను. ఆ రైతు ఇచ్చిన వెదురు గొట్టం ఇప్పటికీ కొట్టం చూరులోనే ఉంది. నా కళ్ళు రెండుసార్లు దాని మీదికి పోయాయి. మూడోసారి లేచి, దాన్ని తీసి బండ మీదుగా అవతల పారేసి వచ్చి కూర్చున్నాను.

నాలుగు దాటాక చేతులు రుద్దుకుని మళ్ళీ మొదలుపెట్టాను. పది, పదిహేను అయ్యేసరికి రోడ్డు మీద పాటలు వినిపించాయి. సమాధుల తోటకు మా అంగడి ముందు నుంచే పోవాలి. పాట దగ్గరకొస్తోంది. బండలు రొమ్మెత్తే. లేచి నిలబడితే చాలు, సార్ కనిపిస్తారు. లేస్తే లెక్క పోతుంది, దూడ బెదురుతుంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. పాట బండల అవతలికి వచ్చింది. చెప్పుల చప్పుడు, ఎవరో దగ్గడం, ఎవరో ఏడవడం. ముప్పై తొమ్మిది, నలభై. నేను తల ఎత్తలేదు. కళ్ళనిండా నీళ్ళు నిండి గడియారం ముల్లు అలుక్కుపోతుంటే భుజంతో తుడుచుకుని చూశాను. పాట దాటిపోయింది. నిమిషం నిండింది.

యాభై ఎనిమిది. పొద్దుటి నుంచి అదే మొదటి తగ్గుదల.

డాక్టరు అయిదుకు వచ్చాడు. సూది వేశాడు. "ఏమీ పొయ్యకుండా మంచి పని చేశావు," అన్నాడు. ఆ పొగడ్త నాకు ఎక్కడా తగల్లేదు. నేను చూడకుండానే సార్ మట్టిలోకి వెళ్ళిపోయారు.

మూడో రోజు పొద్దున టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నేనే పోవలసింది, మొహం చెల్లక పోలేదు. ఆమెను చూసి లేచాను.

"మీ అన్న చెప్పినాడులే, దూడ కాడ ఉండావని," అంది. బస్తా మీద, సార్ కూర్చునే బస్తా మీద కూర్చుంది. "నువ్వు ఆసుపత్రి నుంచి పోయినాక సారు ఏమన్నాడో తెలుసా? పాపకు అబద్ధం ఆడడం రాదు, ఇరవై అని చెప్పి నా పక్క సూడలేకపాయ, అన్నాడు. ఆ పొద్దంతా నవ్వుకుంటానే ఉన్నాడు."

ఇద్దరం కొట్టంలోకి పోయాం. దూడ లేచి నిలబడే ఉంది. ఇంకా దగ్గుతోంది. పాలు సగం తాగుతోంది, సగం వదిలేస్తోంది. బాగవుతుందని నేను టీచరమ్మతో అనలేదు. బండ మీద వాళ్ళ సార్ గీసిన గీతలను ఆమె పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత చీర కొంగు భుజం మీద వేసుకుని, దూడ పక్కన కింద కూర్చుంది.

కూర్చుని, రెండు అరచేతులూ కలిపి రుద్దుకుంది. బళ్ళో పలక పట్టించిన చేతులు, పశువును ఎప్పుడూ తాకని చేతులు. వెచ్చబడేదాకా ఆగి, దూడ పక్కటెముకల మీద మెల్లగా ఆనించింది. దూడ ఉలిక్కిపడలేదు. ఆమె చెయ్యి దాని ఊపిరితో పాటు లేస్తూ, దిగుతూ ఉంది. ఎంత అని నేను అడగలేదు.